కిటికీ పిడి విరిగితే: ఏది చూడాలి, ఏది కొనాలి, ఎవరు మార్చాలి

పొద్దున్నే తెరవాలి, దోమల వేళకు మూయాలి, జల్లు కొడితే పరుగున వెళ్లి బిగించాలి. ఇంట్లో ఇంతగా చెయ్యి పడే సామాను కొద్దే. అయినా విరిగి చేతికొచ్చేదాకా కిటికీ పిడి మాట ఎవరూ ఎత్తరు. విరిగాక హార్డ్‌వేర్ షాపుకు వెళ్లి "కిటికీ హ్యాండిల్ ఇవ్వండి" అంటే కౌంటర్ వెనకనుంచి వచ్చే మొదటి మాట, "ఏ కిటికీకండీ?"

ఆ ప్రశ్నకు జవాబు తెలియక కొందరు ఉత్తి చేతులతో తిరిగొస్తారు. ఇంకొందరు చూపుకు అలాగే ఉందని ఏదో ఒకటి తెచ్చి, బెజ్జాలు కలవక ఫ్రేముకు కొత్తవి కొట్టిస్తారు. పాత బెజ్జాల్లోంచి వాననీరు, చీమలు మొదలవుతాయి. ఆరు నెలలకు ఆ కొత్త పిడి కూడా ఊడుతుంది.

ఈ విషయంలో మనకు దొరికే సలహాలు మూడు రకాలు. వడ్రంగి అంటాడు, రెక్క దిగింది, ముందు దాన్ని సరిచెయ్యాలని. షాపువాడు అంటాడు, ఇలాంటిదే ఉంది, పట్టుకెళ్లండని. కిటికీ అమర్చిన కంపెనీ మనిషి అంటాడు, లోపలి సామానుతో సహా సెట్టు మొత్తం మార్చాలని. ముగ్గురి మాటలోనూ కొంత నిజం ఉంది, ఎవరి వ్యాపారం వారికీ ఉంది. ఏ సందర్భంలో ఎవరి మాట వినాలో తేల్చుకోవాలంటే కిటికీ రకం, విరగడానికి కారణం, లోహం, కొలత, ఖర్చు అనే ఐదు సంగతులు వరసగా చూడాలి.

కిటికీతోపాటే మారిన పిడి

పాత చెక్క కిటికీలో పనులు పంచి ఉంటాయి. లాగడానికి చిన్న డి హ్యాండిల్, బిగించడానికి కిందా పైనా టవర్‌బోల్టులు, తెరిచిన రెక్క గాలికి కొట్టుకోకుండా కొక్కెం. వీటిలో ఒకటి పోయినా మిగతా రెండూ ఇల్లు గడిపేస్తాయి. హ్యాండిల్ ఊడిపోయిన కిటికీని టవర్‌బోల్టు పట్టుకుని లాగుతూ ఏళ్ల తరబడి నెట్టుకొచ్చే ఇళ్లు ఊరూరా ఉన్నాయి. ఆ సామాను కొనడమూ తేలికే. టవర్‌బోల్టు అంటే నాలుగు, ఆరు, ఎనిమిది అంగుళాలు. పొడవు చెబితే చాలు. వీటికి భారతీయ ప్రమాణాలు కూడా ఉన్నాయి. టవర్‌బోల్టులది ఐఎస్ 204, తాళం వేసుకునే ఆల్‌డ్రాపులది ఐఎస్ 281, తలుపు హ్యాండిళ్లది ఐఎస్ 208.

తర్వాతిది ఇనుప ఫ్రేము కిటికీ. ప్రభుత్వ క్వార్టర్లలో, రైల్వే కాలనీల్లో, పాత బడుల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. ఇంగ్లండులోని బ్రెయిన్‌ట్రీలో క్రిటాల్ కుటుంబం 1884లో ఇనుప కిటికీల తయారీ మొదలుపెట్టింది. ఆ తరహా కిటికీ మన దేశంలోనూ పాతుకుని ఐఎస్ 1038గా ప్రమాణమైంది. దీని పిడికి ముక్కులాంటి నాలుక ఉంటుంది. తిప్పితే అది ఫ్రేము మీది పలకను నొక్కి పడుతుంది. కింద బెజ్జాలున్న పట్టీ ఒకటి మేకు మీద కూర్చుని, రెక్క ఎంత తెరుచుకోవాలో నిర్ణయిస్తుంది. పాతవాటిలో పిడి ఇత్తడిది. ఎక్కువ చోట్ల రివెట్‌తో బిగించి ఉండటం వల్ల స్క్రూడ్రైవర్‌తో ఊడదు. రివెట్ తలను డ్రిల్లుతో తొలిచి, దాని స్థానంలో నట్టూ బోల్టూ వేయాలి.

మూడోది అల్యూమినియం స్లైడింగ్ కిటికీ. అపార్ట్‌మెంట్లతోపాటు ఇళ్లను ముంచెత్తిన రకం ఇది. లాగడానికి వేరే పిడి ఉండదు, ఫ్రేము అంచే పిడి. రెండు రెక్కలు కలిసేచోట అర్ధచంద్రాకారపు లాకు ఉంటుంది, తిప్పితే అవతలి రెక్కకున్న కొక్కేన్ని పట్టుకుంటుంది. కొన్నింటిలో రెక్క అంచులోనే దిగేసిన నొక్కుడు లాకు ఉంటుంది. అల్యూమినియం తలుపులూ కిటికీలకు ఐఎస్ 1948 ప్రమాణం ఉన్నా, వీధి చివరి ఫ్యాబ్రికేటర్ ఆ వారం ఏ లాకు దొరికితే అదే బిగిస్తాడు. ఒకే ఇంట్లో రెండు గదుల లాకులు రెండు రకాలుగా ఉండటం మామూలే.

నాలుగోది యూపీవీసీ కిటికీ. ఇందులో పిడి తిప్పితే దాని వెనకున్న చదరపు కడ్డీ రెక్క లోపలి గేరు పెట్టెను తిప్పుతుంది. గేరు ఒక పొడవాటి పట్టీని పైకీ కిందకీ జరుపుతుంది. పట్టీ మీది బొడిపెలు ఫ్రేములోని పట్లలో దూరి రెండు మూడు చోట్ల బిగిస్తాయి. అంటే పాత చెక్క కిటికీలో పంచుకున్న పనులన్నీ ఇక్కడ ఒక్క పిడి మీద పడ్డాయి. అది విరిగిందంటే కిటికీ తెరుచుకోదు, లేదా మూసుకోదు. కొత్త కిటికీ పిడి విరిగితే అంత కంగారు పడటానికి కారణం ఇదే.

జర్మనీ, ఆస్ట్రియాలకు చదువుకో ఉద్యోగానికో వెళ్లిన తెలుగువాళ్లకు తారసపడే ఐదో రకం కూడా ఉంది. పిడి కిందికి ఉంటే మూత, అడ్డంగా తిప్పితే రెక్క తలుపులా లోపలికి తెరుచుకుంటుంది, పైకి తిప్పితే రెక్క పై అంచు మాత్రమే గదిలోకి వాలి గాలి ఆడుతుంది. రెక్క తెరిచి ఉండగా పిడిని పైకి తిప్పేస్తే రెక్క ఒక మూల వేలాడినట్టవుతుంది. కొత్తగా వచ్చినవాళ్లు కిటికీ విరిగిందని హడలిపోయేది ఇక్కడే. చాలా మోడళ్లలో పిడి పక్కన, రెక్క అంచులో చిన్న మీట ఉంటుంది. రెక్క పై మూలను ఫ్రేముకు ఆనించి, మీట నొక్కి పట్టి, పిడిని మెల్లగా తిప్పితే మళ్లీ దారిలో పడుతుంది. బలవంతం చేస్తే అప్పుడు నిజంగానే విరుగుతుంది.

విరగడానికి కారణం ఎక్కడుంది

రెండు వేళ్లతో తిరిగే పిడి మామూలుగా విరగదు. ముందు బిగుసుకుంటుంది, మనం బలం పెంచుతాం, ఆ తర్వాత విరుగుతుంది. బిగుసుకోవడానికి కారణం చాలాసార్లు రెక్కలోనో ఫ్రేములోనో ఉంటుంది. ఈ విషయంలో వడ్రంగి మాటే సరైనది.

చెక్క కిటికీలో శత్రువు తేమ. కలప తేమ పీల్చి అడ్డంగా ఉబ్బుతుంది. నిలువునా దాదాపు పెరగదు. కాబట్టి వానాకాలంలో రెక్క వెడల్పు పెరిగి ఫ్రేములో ఇరుక్కుంటుంది. బాగా ఆరిన టేకులో ఈ కదలిక తక్కువ, చౌక కలపలో ఎక్కువ. ఇరుక్కున్న రెక్కను హ్యాండిల్ పట్టుకుని గుంజితే స్క్రూలు ఒక్కో మిల్లీమీటరే లేచి చివరికి ఊడతాయి. మందు చిత్రిక. అయితే తొలకరి వానలకే తోపడా తెచ్చి అంచంతా చెక్కేస్తే ఎండాకాలానికి రెక్కకూ ఫ్రేముకూ మధ్య సందు పడుతుంది. రాసుకుంటున్న చోట సుద్దముక్క గీసి, మూసి తెరిచి, గుర్తు పడిన మేరకే చెక్కాలి. చెక్కిన పచ్చి అంచుకు రంగో వార్నిషో పూయకపోతే ఆ దారినే మళ్లీ తేమ ఎక్కుతుంది.

యూపీవీసీలో శత్రువు ఎండ. ప్లాస్టిక్కు వేడికి సాగే గుణం అల్యూమినియం కంటే సుమారు మూడు రెట్లు. 1.2 మీటర్ల ఎత్తున్న రెక్క, వేడి 30 డిగ్రీలు పెరిగితే రెండు మిల్లీమీటర్లకు పైగా సాగగలదు. లోపల ఇనుప పట్టీ సరిగా వేసిన రెక్కలో ఈ సాగుడు కొంత అదుపులో ఉంటుంది. పడమటి గోడ కిటికీ పొద్దున హాయిగా మూసుకుని, మే నెల మధ్యాహ్నం మొరాయించడానికి కారణం ఇదే. బొడిపె పట్టులో దూరదు, మనం పిడి మీద వాలతాం. పిడి 12 సెంటీమీటర్లు, లోపలి కడ్డీ 7 మిల్లీమీటర్లు అనుకుందాం. చివర ఐదు కిలోల బలం వేస్తే కడ్డీ అంచు దగ్గర అది ముప్పై రెట్లకు పైగా పెరిగి నూటయాభై కిలోలు దాటుతుంది. కడ్డీ మెలితిరుగుతుంది, లేదా గేరు పళ్లు లేస్తాయి, లేదా పిడి మెడ తెగుతుంది. మూడింటిలో బలహీనమైనది ముందు పోతుంది.

దీనికి తోడు బరువు. రెండు పొరల అద్దమున్న పెద్ద రెక్క ఏళ్లు గడిచేకొద్దీ బందులకు అవతలి వైపు కిందికి దిగుతుంది. ఫ్రేములోని పట్టుకు, రెక్క మీది బొడిపెకు మధ్య ఎత్తు తేడా వస్తుంది. చాలా యూపీవీసీ బందుల్లో అలెన్ కీ పట్టే మర ఉంటుంది. దాన్ని కొద్దికొద్దిగా తిప్పి రెక్కను పైకెత్తితే పిడి మళ్లీ తేలికవుతుంది. ఈ సర్దుబాటు చేయకుండా పిడి మాత్రం మార్చేవాడు మరో పిడి అమ్మకానికి పునాది వేస్తున్నట్టే.

స్లైడింగ్ కిటికీలో నేరం చక్రాలది. రెక్క కింద ఉండే వాటిని పనివాళ్లు బేరింగులంటారు. అవి అరిగితే రెక్క కిందికి దిగి, అర్ధచంద్రపు లాకు కొక్కేనికి అందదు. రెక్కను మోకాలితో ఎత్తి పట్టి లాకు తిప్పే అలవాటు ఇంట్లో మొదలైందంటే బేరింగులు మార్చే వేళ వచ్చిందని అర్థం. పట్టాలో చేరిన ఇసుక, చచ్చిన పురుగులు, పావురాల ఈకలు కూడా ఇదే పని చేస్తాయి. పాత టూత్‌బ్రష్‌తో పట్టా తోమితే చాలా లాకులు బతుకుతాయి.

నూనె మాట కూడా చెప్పుకోవాలి. బిగుసుకున్న గడియకు కొబ్బరినూనె రాయడం మనకు అలవాటు. కొబ్బరినూనె దాదాపు 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, దుమ్మునూ పట్టుకుంటుంది. హైదరాబాదు చలికాలపు పొద్దుట అది జారుడు మందుగా పనికిరాదు. తుప్పు వదిలించే స్ప్రేలు పట్టు విడిపించడానికి మంచివే, కాని ఎక్కువకాలం నిలవవు. టవర్‌బోల్టుకు కుట్టు మిషను నూనె ఒక చుక్క, యూపీవీసీ గేరుకు సిలికాన్ స్ప్రే ఏడాదికి ఒకటి రెండుసార్లు కొడితే సరిపోతుంది.

లోహం తెలిసి కొనాలి

మెరుపు చూసి కొన్న పిడి ఏ లోహమో విరిగిన చోట తెలుస్తుంది. మెడ దగ్గర బూడిదరంగు గరుకు కనిపిస్తే అది జింకు మిశ్రమం. సుమారు నాలుగు శాతం అల్యూమినియం కలిపిన ఈ జింకు తక్కువ వేడికే కరిగి, అచ్చులో ఎంత సన్నని నగిషీనైనా పట్టేస్తుంది. మీద క్రోమియం పూత వేస్తే స్టీలులా మెరుస్తుంది. అచ్చు శ్రద్ధగా పోసి, మెడ మందంగా ఉంచితే ఇది చెడ్డ లోహం కాదు, పేరున్న కంపెనీలూ వాడతాయి. చౌక రకంలో మెడ సన్నబడి, లోపల గాలి బుడగలు మిగిలి, ఒక్క గట్టి పట్టుకు పుటుక్కుమంటుంది. దీన్ని వెల్డింగ్ చేయించాలని చూడొద్దు, కరిగిపోతుంది. అరాల్డైట్‌తో అతికించినా అతుకు పడే జాగా చాలా తక్కువ, దాని మీద పడే మెలిక చాలా ఎక్కువ. కొత్తది వచ్చేదాకా రెండు రోజులు ఆపుతుందంతే.

స్టెయిన్‌లెస్ స్టీలు అనే మాట కూడా ఒక్కటి కాదు. 304 రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 316లో వాటికి తోడు రెండు మూడు శాతం మాలిబ్డినం. ఉప్పుగాలిని తట్టుకునేది అదే. 202లో నికెల్ తగ్గించి మాంగనీసు కలుపుతారు. ధర తక్కువ, తుప్పు ఎక్కువ. షాపులో కొందరు అయస్కాంతం పెట్టి చూసి అంటుకోలేదు కాబట్టి మంచి స్టీలని చెబుతారు. 202, 304 రెండూ అయస్కాంతానికి పెద్దగా అంటుకోవు. ఆ పరీక్ష మరీ చౌకైన 400 వరస రకాలను పట్టిస్తుందే గాని, 202కూ 304కూ తేడా చెప్పదు. బిల్లు మీద రకం రాయించుకోవడమే నమ్మకమైన పద్ధతి.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి తీరపు ఊళ్లలో లోహం ఎంపిక మిగతా అన్నింటికంటే ముందు వస్తుంది. ఉప్పుతేమలో రెండు వేర్వేరు లోహాలు తగిలితే బలహీనమైనది త్వరగా కొరుక్కుపోతుంది. అల్యూమినియం ఫ్రేములో మామూలు ఇనుప స్క్రూ తుప్పుపట్టి ఉబ్బుతుంది. స్టీలు స్క్రూ వేస్తే దాని చుట్టూ అల్యూమినియం తెల్లటి పొడిగా రాలి స్క్రూ బిగుసుకుపోతుంది. 316 స్క్రూ వాడి, మరలకు కొద్దిగా గ్రీజు రాసి బిగిస్తే పదేళ్ల తర్వాత విప్పేవాడు మిమ్మల్ని తలుచుకుంటాడు. ఇత్తడి ఈ తీరంలో మంచిదే, రంగు నల్లబడినా బలం అంత తొందరగా తగ్గదు. పాత బంగళాల కిటికీలకు ఇత్తడి సామాను ఇప్పటికీ నిలిచి ఉండటం ఊరికే కాదు.

43, 7: రెండు అంకెల మహత్తు

ఇక షాపువాడి మాట. "ఇలాంటిదే ఉంది" అనేది ఎప్పుడు నిజం? కొలతలు కలిసినప్పుడు. యూపీవీసీ కిటికీ ఉన్నవాళ్లు అదృష్టవంతులు, ఎందుకంటే ఐరోపాలో కిటికీ పిడులకు ఒక ఒప్పందం కుదిరింది. స్క్రూ బెజ్జాల మధ్య దూరం 43 మిల్లీమీటర్లు, చదరపు కడ్డీ 7 మిల్లీమీటర్లు. జర్మన్ ప్రమాణం డిన్ 18267 ఈ కొలతలతోనే నడుస్తుంది. బ్రిటన్ యూపీవీసీ కిటికీల్లోనూ ఇవే మామూలు. ఆ యంత్రాలూ సామానూ మన దేశానికి వచ్చినప్పుడు అవే అంకెలు వెంట వచ్చాయి. అందువల్ల ఒక కంపెనీ కిటికీకి ఇంకో కంపెనీ పిడి చాలాసార్లు కూర్చుంటుంది.

"చాలాసార్లు" అనడానికి కారణం మూడో కొలత, కడ్డీ పొడవు. పిడి అడుగు ప్లేటు నుంచి బయటికి పొడుచుకొచ్చిన భాగం ఎంతో చూడాలి. 25 నుంచి 45 మిల్లీమీటర్ల దాకా రకాలున్నాయి. పొట్టిదైతే గేరును అందుకోదు. పొడవైతే ప్లేటు ఫ్రేముకు ఆనదు, అప్పుడు హాక్సా బ్లేడుతో కోసుకోవచ్చు. అనుమానంగా ఉంటే పొడవైనదే కొనడం మేలు. నాలుగో సంగతి కుడి, ఎడమ. నిటారు పిడి ఎటైనా పనికొస్తుంది. పక్కకు వంగిన పిడి కుడి రెక్కకొకటి, ఎడమ రెక్కకొకటి. కొన్ని అల్యూమినియం కిటికీల పిడికి చదరపు కడ్డీ బదులు రెండు కోరల ఫోర్కు ఉంటుంది. దానికీ దీనికీ మార్పిడి కుదరదు.

ముక్కు ఉన్న పిడికైతే, అడుగు నుంచి ముక్కు కింది అంచు దాకా ఉన్న ఎత్తు కొలవాలి. రెండు మిల్లీమీటర్ల తేడా వచ్చినా రెక్క బిగియదు, లేదా పిడి తిరగదు. అర్ధచంద్రపు లాకుకు బెజ్జాల దూరం, కొక్కెం ఎత్తు, తిరిగే దిక్కు అనే మూడూ కావాలి. టవర్‌బోల్టుకు పొడవుతోపాటు బెజ్జాల వరస కలిస్తే పాత బెజ్జాలే వాడుకోవచ్చు.

వీటన్నిటికంటే గట్టి కొలత, విరిగిన ముక్కలు. అన్ని ముక్కలూ ఒక కవరులో వేసి, రెక్క అంచునూ గేరు బెజ్జాన్నీ ఫోన్‌లో ఫోటో తీసి, షాపుకు పట్టుకెళ్లాలి. సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి పెద్ద సామాను బజార్లకు వెళ్లేవాళ్లకు ఈ కవరు ఒక పూట తిరుగుడు తప్పిస్తుంది. ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు బొమ్మ చూసి మోసపోకుండా 43, 7, కడ్డీ పొడవు అనే మూడు అంకెలూ వివరాల్లో ఉన్నాయో లేదో చూడాలి. లేకపోతే వదిలెయ్యడమే.

మార్చే పని

పని మొదలుపెట్టే ముందు రెక్కను అదుపులో పెట్టాలి. పిడి లేని రెక్క గాలికి ఎటు కొట్టుకుంటుందో చెప్పలేం. పై అంతస్తులో అయితే తాడుతో ఊచలకో గ్రిల్‌కో కట్టాకే స్క్రూ విప్పాలి. బయటికి వంగి చేసే పని ఏదీ పెట్టుకోకూడదు. అలాంటి అవసరం వచ్చిందంటే అది పనివాడికి అప్పగించాల్సిన పని.

యూపీవీసీ పిడికి స్క్రూలు పైకి కనిపించవు. అడుగు ప్లేటు మీద మూత ఉంటుంది. దాన్ని కొద్దిగా పైకి లేపి పక్కకు తిప్పితే, లేదా చిన్న మూతల్ని గోటితో లేపితే రెండు స్క్రూలు బయటపడతాయి. ముందు పిడిని తెరిచిన స్థితికి తిప్పి విప్పాలి, కొత్తది అదే స్థితిలో పెట్టాలి. లేకపోతే గేరు ఒక దిక్కు, పిడి ఒక దిక్కు చూస్తాయి. పాతది తీశాక, కొత్తది బిగించే ముందు, ఒక పరీక్ష తప్పదు. రెక్క తెరిచి ఉంచి, విడి కడ్డీని గేరులో దూర్చి పట్టకారుతో తిప్పి చూడాలి. తేలిగ్గా తిరిగి బొడిపెలు జరిగితే గేరు బాగుంది, పిడి మార్చితే చాలు. తెరిచి ఉన్నా బిగుతుగా తిరిగితే లోపం గేరులో ఉంది. తెరిచినప్పుడు తేలిగ్గా, మూసినప్పుడు బిగుతుగా ఉంటే రెక్క దిగింది, బందులు సర్దాలి. కడ్డీ తిరుగుతున్నా బొడిపెలు కదలకపోతే గేరు పళ్లు పోయాయి. కంపెనీ మనిషి చెప్పే "సెట్టు మార్చాలి" అనే మాట నిజమయ్యేది గేరు చెడిన ఈ సందర్భాల్లోనే. అప్పుడు కూడా గేరు పెట్టె విడిగా దొరుకుతుందా అని అడిగి చూడాలి.

కిటికీ మూసి ఉండగానే పిడి తెగిపోతే ముందు ప్లేటు విప్పి, కడ్డీ ముక్కను సన్నమూతి పట్టకారుతో పట్టి తిప్పాలి. ముక్క లోపలే ఉండిపోతే కొత్త పిడి కడ్డీని దూర్చడానికి అది అడ్డు. అయస్కాంతంతో, లేదా సన్నని స్క్రూడ్రైవర్‌తో మెల్లగా బయటికి లాగాలి. సుత్తి పట్టుకోవద్దు, గేరు పెట్టె పగులుతుంది.

చెక్క కిటికీలో సమస్య వేరు. పిడి బాగానే ఉంటుంది, బెజ్జం వదులై స్క్రూ నిలవదు. పొడవు స్క్రూ వేస్తే సరిపోతుందని అనిపిస్తుంది, కాని సన్నని రెక్కకు అవతలి వైపు మొన బయటికొస్తుంది. పాత బెజ్జంలో ఫెవికాల్ పూసిన టేకు పుల్లలు బిగుతుగా దూర్చి, ఒక రాత్రి ఆరనిచ్చి, అంచు కోసి, సన్నని డ్రిల్లుతో కొత్తగా దారి తీసి స్క్రూ బిగించాలి. మరలకు సబ్బు రుద్దితే స్క్రూ గట్టి టేకులోకి కూడా తల చెడకుండా దిగుతుంది. ఇత్తడి స్క్రూ మెత్తన, నేరుగా బిగిస్తే మెడ తెగుతుంది. అదే సైజు ఇనుప స్క్రూ ముందు ఎక్కించి, తీసి, ఆ దారిలో ఇత్తడిది వేయడం అనుభవమున్న వడ్రంగుల పద్ధతి.

ఏ కిటికీలోనైనా చివరి బిగింపు చేతితోనే చేయాలి. డ్రిల్ మెషిన్‌తో బిగిస్తే ప్లాస్టిక్ ఫ్రేములో మర కొట్టుకుపోతుంది, జింకు ప్లేటు పగులుతుంది.

గాలివాన, పిల్లలు

పిడి విరిగితే ఏమవుతుంది, దారంతో కడితే పోలేదా అనేవాళ్లు గాలి లెక్క చూడాలి. భవనాల మీద గాలి భారానికి మన ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం. అందులో హైదరాబాదుకు మూల గాలివేగం సెకనుకు 44 మీటర్లు, విజయవాడకూ విశాఖకూ 50 మీటర్లు. 50 మీటర్లంటే గంటకు 180 కిలోమీటర్లు. గుణకాలు పక్కన పెట్టి చూస్తే ఆ వేగంలో చదరపు మీటరుకు సుమారు 150 కిలోల ఒత్తిడి పడుతుంది. రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తున్న రెక్క మీద నూరు కిలోలు దాటుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు ఊళ్లో అద్దాలు, కిటికీలు ఏమయ్యాయో చూసినవాళ్లకు ఈ అంకెలు కొత్తగా అనిపించవు. రెండు మూడు చోట్ల బిగిసే కిటికీకి ఒకే చోట బిగిసే లాకు బదులుగా వేయడం తీరప్రాంతంలో చేయకూడని పొదుపు. తుపాను కాలం ముందే, సెప్టెంబరు లోపే, పిడులన్నీ ఒకసారి తిప్పి చూసుకోవడం మంచిది.

పిల్లలున్న ఇళ్లలో తాళంచెవి ఉన్న పిడి వేసుకుంటారు. గ్రిల్ లేని పై అంతస్తు కిటికీకి అది అవసరమే. తాళంచెవి మాత్రం కిటికీ దగ్గరే, పిల్లలకు అందని, పెద్దలందరికీ తెలిసిన చోట ఉండాలి. పొగ కమ్మినప్పుడు చెవి వెతికే తీరిక ఉండదు.

ఖర్చు ఎవరిది

అద్దె ఇంట్లో పిడి విరిగితే యజమాని మార్చాలా, అద్దెకున్నవాళ్లా? కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం రెండో షెడ్యూలులో ఈ పంపకం స్పష్టంగా ఉంది. నిర్మాణపు మరమ్మతులు, గోడల సున్నం, తలుపులూ కిటికీల రంగు యజమానివి. తలుపులు, అల్మారాలు, కిటికీల నాబ్‌లు, లాకులు మార్చడం, దోమతెరలు, కిటికీ అద్దాలు మార్చడం అద్దెదారువి. ఒప్పందంలో వేరేగా రాసుకుంటే అదే చెల్లుతుంది. ఇది నమూనా మాత్రమే కాబట్టి రాష్ట్రంలో అమల్లో ఉన్న చట్టమూ, చేతిలో ఉన్న ఒప్పందమూ చూసుకోవాలి. జర్మనీలోనూ ఇలాంటి పద్ధతే. చిన్న మరమ్మతుల నిబంధన ఒప్పందంలో ఉంటే, కిటికీ గడియల వంటి రోజూ చెయ్యి పడే సామాను ఖర్చు ఒక పరిమితి దాకా అద్దెదారుదే అవుతుంది.

ఈ పంపకంలో ఒక చిక్కుంది. పిడి ఖర్చు అద్దెదారుది, రెక్క దిగడం ఇంటి లోపం. రెక్క సర్దకుండా పిడి మార్చితే అద్దెదారు అదే ఖర్చు మళ్లీ మళ్లీ భరిస్తాడు. కాబట్టి గేరు పరీక్ష వీడియో తీసి యజమానికి పంపడం వాదనకంటే మంచి మార్గం.

కొత్త ఫ్లాటులో లెక్క వేరు. 2016 రెరా చట్టం 14వ సెక్షన్ ప్రకారం ఇల్లు అప్పగించిన ఐదేళ్లలో పనితనంలో, నాణ్యతలో లోపం బయటపడి, కొన్నవారు తెలియజేస్తే, బిల్డరు 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. ఒక్క పిడికి ఎవరూ పోట్లాడరు. టవరులో ఇరవై ఇళ్లకు ఒకే పిడి ఒకే చోట తెగుతుంటే అది నాణ్యత లోపమే. అసోసియేషన్ తరఫున ఫోటోలతో రాతపూర్వకంగా అడగడం సబబు.

విడిభాగాల హక్కు మాటకొస్తే, కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో తెచ్చిన మరమ్మతు హక్కు పోర్టల్ వ్యవసాయ పరికరాలు, మొబైళ్లు, గృహోపకరణాలు, వాహనాలు అనే నాలుగు రంగాలతో మొదలైంది. కిటికీ అందులో లేదు. ఫోనును మూడు నాలుగేళ్లకు మార్చేస్తాం, కిటికీని ముప్పై ఏళ్లు ఉంచుకోవాలనుకుంటాం. విడిభాగం ఎక్కువకాలం దొరకాల్సింది దేనికో వేరే చెప్పక్కర్లేదు.

కొనేనాడే తేలే సంగతి

ముగ్గురి సలహాల లెక్క ఇలా తేలుతుంది. పిడి బిగుసుకుని విరిగితే వడ్రంగి మాట ముందు: రెక్క, బందులు, బేరింగులు సరిచూశాకే కొత్తది. వాడకంలో అరిగో, కిందపడిన వస్తువు తగిలో విరిగితే షాపువాడి మాట చాలు: కొలతలు కలిసిన పిడి ఏ కంపెనీదైనా ఒకటే. గేరు చెడిందని పరీక్షలో తేలితేనే కంపెనీ మాట.

కాని ఈ మూడు దారులూ తెరిచి ఉన్నాయా లేదా అనేది కిటికీ కొన్ననాడే నిర్ణయమైపోతుంది. ప్రమాణ కొలతల పిడి ఉన్న కిటికీ యజమానికి ఊళ్లోని ప్రతి షాపూ పనికొస్తుంది. ఒక్క ఫ్యాబ్రికేటర్ దగ్గరే దొరికే లాకు ఉన్న కిటికీ యజమాని, ఆ ఫ్యాబ్రికేటర్ షాపు మూసేసిన రోజు నుంచి దిక్కులు చూడాలి. కొత్త ఇల్లు కట్టేవాళ్లు కిటికీ కొటేషన్‌లో అద్దం మందం, ప్రొఫైల్ పేరు, రంగు అడుగుతారు. వాటి కింద ఇంకో నాలుగు వరసలు రాయించుకోవాలి: పిడి కొలతలు, కడ్డీ పొడవు, లోహం రకం, గేరు పెట్టె మోడల్. ఇంటికి రెండు పిడులు, రెండు లాకులు అదనంగా అప్పుడే తీసుకుని గుడ్డలో చుట్టి దాచాలి. ఆ నాలుగు వరసలు రాసివ్వడానికి వెనకాడే ఫ్యాబ్రికేటర్‌కు ఆర్డరు ఇవ్వకపోవడమే మంచిది.